జానెడు కలిపి కొన్న గౌను

గౌను రమ్యశ్రీ భుజాల దగ్గరే ఆగిపోయింది. చేతులు పైకెత్తి, తల గౌనులో ఇరుక్కుపోయి, "అమ్మా, లాగకు, చిరుగుతుంది" అంటోంది లోపల్నుంచి. మంచం మీద కూర్చున్న మా అత్త ముత్యాలు పడీపడీ నవ్వింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉందే వీరవేణీ! ఇది దానికా, దాని బొమ్మకా?" గుమ్మంలో నిలబడ్డ మా ఆయన శ్యామ్ బాబు కూడా నవ్వారు. "కన్నకూతురు ఎంతుందో తెలీకుండా కొనేసేవా?" అన్నారు. నేనూ నవ్వాను. మూడేళ్ల తర్వాత కువైట్ నుంచి వచ్చి ఇంకా నాలుగు గంటలు కాలేదు. వచ్చీరాగానే ఏడిస్తే ఏం బావుంటుంది?

ఎలా కొన్నానో వాళ్లకి చెప్పలేదు. నేను పనిచేసిన ఇంట్లో నూరా అని ఓ పిల్ల ఉంది. నేను వెళ్లేసరికి దానికి ఏడేళ్లు, వచ్చేసరికి పదేళ్లు. దాని పాలపళ్లు ఏది ఎప్పుడు ఊడిందో, చెప్పుల సైజు ఎన్ని నెలలకి మారిందో నాకు కంఠతా వచ్చు. తిరిగొచ్చే ముందు ఆ నూరానే నిలబెట్టి, గౌను దాని భుజాలకి ఆనించి, పైన ఓ జానెడు కలుపుకుని కొన్నాను. నేను కొత్తపేటలో బస్సెక్కిన రోజు రమ్యశ్రీకి పదేళ్లు. ఇప్పుడు పదమూడు నిండాయని తెలుసు. తెలిసినా నా చెయ్యి జానెడే సాగింది. రోజూ ఫోన్లో చూస్తూనే ఉన్నానుగా అనుకున్నాను. అది ఫోను బియ్యం డబ్బాకి ఆనించి మాట్లాడేది. ఈ మూడేళ్లూ నా కూతురు నాకు మొహం వరకే పెరిగింది. పెద్దమనిషి అయిన ఫంక్షను కూడా అలాగే చూశాను, పూలజడ సగమే కనబడింది.

"పర్లేదమ్మా, దిండుకి గలీబు కుట్టుకుంటాను" అంది గౌను మడతపెడుతూ. నన్ను ఓదార్చడం ఎప్పుడు నేర్చుకుందో. వంటింట్లోకి వెళ్తే వెనకే వెళ్లాను. ఏ డబ్బా ఎక్కడుందో నాకు తెలీలేదు. అది వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి ఉప్పు అందుకుంది. మసిగుడ్డతో గిన్నె వంచి గంజి వారుస్తుంటే మణికట్టు మీద మచ్చ కనబడింది, మోచేతి దాకా పాకిన మచ్చ.

"ఇదేంటే?"

"గంజి పడిందమ్మా. పాతదే."

"నాకు చెప్పలేదే?"

"నాన్నమ్మ చెప్పొద్దంది, నువ్వు బెంగెట్టుకుంటావని."

"మరి... పెద్దదానివి అయినప్పుడు, అవన్నీ ఎవరు చెప్పేరే నీకు?"

"యూట్యూబ్‌లో చూసేను" అంది గిన్నె కిందికి దించుతూ.

భోజనాల దగ్గర అందరికీ అదే వడ్డించింది. నన్ను లేవనివ్వలేదు. "చూసేవా, పిల్లకి చెయ్యెలా తిరిగిందో! పులుసు నీకంటే బాగా పెడతాది" అన్నారు ఆయన, వేళ్లు నాక్కుంటూ. మా అత్త అందుకుంది. "మనం పెంచేవేటిరా దాన్ని? దానంతటదే పెరిగిపోయింది. కొబ్బరిమొక్కకంటే నయం, దానికి నీళ్లన్నా పొయ్యాలి."

కువైట్‌లో నేను చేసిందీ ఇదే పని. వంట, అంట్లు, బట్టలు, ముసలామె కాళ్లు పట్టడం. అక్కడ దానికి నెలనెలా జీతం ఇచ్చారు, శుక్రవారం సగం పూట సెలవిచ్చారు. ఇక్కడ అదే పని పదేళ్ల పిల్ల చేతిలో పెట్టి, దానికి ఎదగడం అని పేరు పెట్టుకున్నారు. నేను విమానం ఎక్కిన రోజున ఈ ఇంట్లో అంట్లు తగ్గలేదు. కొబ్బరికాయల లోడింగు పని వారంలో మూడు రోజులుంటే గొప్ప, మిగతా రోజులు సెంటర్లో టీ కొట్టు దగ్గరే ఉండే మా ఆయన చేతికి ఒక్క గిన్నె తగల్లేదు. పొయ్యి దగ్గర్నుంచి నన్ను లేపి దాన్ని కూర్చోబెట్టారు, అంతే. ఒళ్లు మండిపోయింది నాకు. వాళ్ల మీద మంటే ఇదంతా అంటే అబద్ధం. రోజూ ఫోన్లో "తిన్నావా తల్లీ?" అని అడిగినదాన్ని, "ఎవరు వండేరు?" అని మూడేళ్లలో ఒక్కనాడైనా అడిగానా? అడిగితే ఏం వినాల్సొస్తుందో నాకు తెలుసు కాబట్టే అడగలేదేమో.

సాయంత్రం దాని లెక్కల పుస్తకం తిరగేశాను. ఎనిమిదో తరగతి. రెండు పేజీలు నిండుగా, తర్వాత మూడు ఖాళీగా, మళ్లీ రెండు నిండుగా. "ఖాళీవి బడికెళ్లని రోజులమ్మా. తర్వాత ఎవరిదన్నా చూసి రాసుకుందామని వదిలేను" అంది. ఎందుకు వెళ్లలేదే అని అడగబోయి, పెరట్లో దండెం మీద ఆరేసిన బట్టలు చూసి ఊరుకున్నాను.

అప్పుడే వీధిలో మా ఆయన ఫోను మాట్లాడుతున్నారు. "ఆయ్... ఆయ్... అలాగేనండి... ఎందుకు రాదండీ, వస్తాది." లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నారు.

"రాజోలు ఏజెంటు గారు. ఈసారి దోహాలో ఇల్లు చూసేరంట. బేస్తవారం మెడికల్ టెస్టు."

"ఇవాళేగా వచ్చేనండీ."

"ఇవాళే ఎక్కమన్నానా? నెలాఖరుకి. అప్పుడంటే పిల్ల చిన్నది, వెళ్లనని ఏడ్చేవు. ఇప్పుడు ఎదిగింది కదా, ఇంటి గురించి బెంగే లేదు."

"ఈ ఏటితో బడి మానేస్తే సరి, దానికీ తీరికుంటాది" అంది మా అత్త, అదేదో పిల్ల మీద జాలితో అన్నట్టు.

రమ్యశ్రీ నా మొహం చూడలేదు. గోడమీది క్యాలెండరు చూసింది. "నెలాఖరుకి అంటే కారం కొట్టించాలి. మాగాయ పట్టుకెళ్తావా, ఆవకాయా?" అంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లని అడిగినట్టు అడిగింది.

తెల్లారి వీధరుగు మీంచి మా ఆయన కేక వినబడింది. "టీ!" ఆ కేకలో ఎవరి పేరూ లేదు. ఎవరు తెచ్చినా ఒకటే ఆయనకి. నేనూ రమ్యశ్రీ ఒకేసారి లేచాం.

దాని మణికట్టు పట్టుకున్నాను. "కూర్చో. జడేస్తాను, బడికి టైమవుతోంది." నేను నిలబడి వేద్దామంటే అందలేదు, దాన్ని పీట మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. రెండు పాయలు తీశానో లేదో, మళ్లీ కేక, ఈసారి గట్టిగా. రమ్యశ్రీ భుజాలు లేవబోయాయి. రెండు చేతులూ వేసి ఆపాను.

ఆయన గుమ్మంలోకి వచ్చారు. "వినబడట్లేదా?"

"వినబడిందండీ. అది బడికెళ్లాలి. నేను జడేస్తున్నాను. టీ మీరు పెట్టుకోండి."

"ఏవైంది నీకు?"

"ఏం కాలేదు. ఏజెంటు గారికి ఫోను చేసి చెప్పండి, నేను దోహా వెళ్లట్లేదు. ఏదో పని కొత్తపేటలోనే చూసుకుంటాను, జీతమిచ్చే పని. పొద్దున్న వెళ్తే సాయంత్రం వస్తాను. అది రోజూ బడికెళ్తాది. వంట పెద్దాళ్లం ముగ్గురం చూసుకుందాం."

"అరబ్బులిళ్లలో ఉండొచ్చి నోరు నేర్చుకొచ్చేవే!" అంది మంచం మీంచి మా అత్త. నేను మూడో పాయ తీశాను. పాయలు ఒకదాన్నొకటి తప్పాయి, విప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఆయన తిడతారనుకున్నాను. ఏమనుకున్నారో, పొద్దున్నే టీ పడకపోతే తలనొప్పి ఆయనకి, వంటింట్లోకి నడిచారు. మూతలు ఒకటొకటే దబదబా తీసిన చప్పుడు.

"పంచదార ఎక్కడ?" అని అరిచారు.

రమ్యశ్రీ నోరు తెరిచింది. దాని భుజం నొక్కాను.

"నాకేం తెలుసండీ" అన్నాను. "మూడేళ్లు ఇంట్లో ఉంది మీరేగా."