నల్లమడుగుపాలెపు తొలి విచారణ

పందొమ్మిది వందల యేఁబది యెనిమిదవ సంవత్సరము నవంబరు నెల తొమ్మిదవ తేదీ యాదివారము. ఆ యుదయమున దివ్యపూజ ముగిసిన పిమ్మట నల్లమడుగుపాలెపు జనులెల్లరును గుడి ముందఱి తాటాకు పందిటిలో బంతులు దీర్చి కూర్చుండి వేఁడి జొన్నరొట్టెలును దోసకాయ పప్పును నువ్వుల పొడియు భుజించిరి. పలనాటి సీమను ముంచెత్తిన వానలు వెనుకంజవేసి యెన్నో నాళ్లు గాలేదు. ఆకాశము చింతపండుతో తోమిన కంచుపళ్లెరమువలె తళతళలాడుచుండెను. మిరపతోఁటలు తెల్లని పూఁత తొడిగి యూరిని చుట్టుముట్టియుండెను. గుడి నేలకుఁ బఱచిన నాపరాళ్లు చలువ విడువక తడిపాదముల గుఱుతులను చాల సేపటివఱకు దాఁచుకొనుచుండెను. పండ్లూడిన వృద్ధుల విస్తళ్లలో మెత్తని రొట్టెలు తామై వచ్చి పడుచుండెను. ఎవరు వేసిరో యెవరును చూచుట లేదు. అందఱి చూపులును పందిటి మొగదలఁ బఱచిన క్రొత్త చాపమీఁదనే నిలిచియుండెను.

ఆ యుత్సుకతకుఁ గారణము లేకపోలేదు. ఆ పాలెము చిరకాలము పొరుగున నున్న పెద్దయూరికి శాఖగా నుండి నెలకొకమాఱు వచ్చిపోవు గురువు కొఱకు త్రోవ చూచుచుండెడిది. ఆ యేఁడు మండలములోని గుడులన్నింటిని పాలించు పెద్దగురువులగు మేత్రాణులవారు దయతలఁచి పాలెమునకుఁ దనదైన గురువును, తనదైన పెద్దల సభను అనుగ్రహించిరి. ఇట్లొక గురువు పాలనలో నున్న సంఘమునకు కతోలికుల వాడుకలో విచారణ యని పేరు. గురువులకును పూజాగ్రంథములకును ఆ పదము సుపరిచితమే. కాని శాఖగానే పుట్టి శాఖగానే పెరిగిన పాలెమువారికి దాని యర్థ మొక్కటియే తెలియును: తప్పు చేసినవానిని పదుగురి నడుమ నిలువఁబెట్టి సంగతి రాఁబట్టుట.

నూతనముగా విచ్చేసిన అల్ఫోన్సు గురువులు పరజిల్లాలో పుట్టి దూరపు గురుమఠమునఁ జదివిన యువకుఁడు. ఆయన దండోరా వేయు చిన్నప్పను బిలిపించి, రాఁబోవు సంవత్సరపు పనులను పంచుకొనుటకు విచారణ వార్షికసభ జరుగునని చాటింపుమనెను. చిన్నప్ప గొంతు గట్టివాఁడేగాని నోరు తిరుగనివాఁడు. వార్షికసభ యను మాటను వీధి మొదటనే విడిచిపెట్టి మిగిలినదానినే మూల మూలకును వినవచ్చునట్లు కేకవేసెను.

“ఆదివారం గుడికాడ ఇచారణహో! పెద్దా చిన్నా, ఆడా మగా, అంతా రావాలహో!”

ఆ కేక పాలెమున నెన్ని గుండెలను గుభిల్లుమనిపించెనో చెప్ప నలవిగాదు. తెల్లవాఱునప్పటికి గుడి యరుగుపై వింతలు వెలయఁజొచ్చెను. ఎన్నఁడో కనఁబడకపోయిన రాగి గుండిగ యొకనాఁడు తళుకుమని యచ్చట నిలిచెను. పండుగనాఁడు మరియతల్లి తేరును లాగెడు మోకులు మఱునాఁడు చుట్టలు చుట్టుకొని ప్రత్యక్షమయ్యెను. సున్నము వేయు నిచ్చెన విఱిగిన మెట్టు స్థానమునఁ బచ్చి వెదురు మెట్టు బిగింపఁబడి గోడకు చేరఁబడియుండెను. కొనిపోయినవాఁడు బాగుచేసి మఱి తెచ్చెను గదా యని చూచినవారికి ముచ్చట వేసెను. అల్ఫోన్సు గురువులు వీనినన్నింటిని భక్తుల కానుకలని తలఁచి పూజవేళ పీఠము ముందు నిలిచి పొంగిపోవుచు కృతజ్ఞత తెలుపఁగా, ఆలకించిన జనము నేలవంకఁ జూచుచు నొకరి మోచేతితో నొకరిని పొడుచుకొనుచుండెను. సభలో పెద్దయగు తుమ్మేటి జోజిరెడ్డి గుడి పైకప్పువంకఁ జూచెను.

బంతిలో నాతని ప్రక్కనఁ గూర్చున్న చిన్నప్ప రొట్టె నములుచు మెల్లఁగా ననెను: “నిచ్చెనకి కాళ్లొచ్చినయ్యంట గదా రెడ్డిగారూ. మీ దొడ్డి వైపునించే నడిచొచ్చిందంట.”

“నువ్వు ముందు తిను,” అనెను జోజిరెడ్డి. “నీ నోరు ఖాళీగా ఉంటే ఊరికి నష్టం.”

ఇట్లు పాలెమంతయు దొంగిలించిన సొమ్మును దిగవిడిచి తేలికపడుచుండఁగా, తిరిగి యిచ్చుటకేమియు లేనిదై, చెప్పుకొనుటకు మాత్రమొకటి గలదై కుములుచున్నది ఆరోగ్యమ్మ యొకతియే. ఆమె, గురువు లేని దినములలో జనులచేత జపములు చెప్పించుచుండిన పూర్వపు ఉపదేశి యిన్నయ్య భార్య. భర్త పరమపదించిన నాఁటినుండి గుడి తాళపుచెవి యామె కొంగుముడిలోనే యున్నది. వేకువనే తలుపు తెఱచుట, ప్రొద్దు వాలినపిమ్మట తలుపు మూయుట: ఆ రెంటి నడుమనే యామె దినము, ఆ రెండు లేకున్న నామెకు దినమే లేదు. బిడ్డలు లేని యాయింటిలో, లెమ్మని పిలుచువారు లేని యా యుదయములలో, ఆ తాళపుచెవియే యామెను లేపుచుండెను. గత మాసమునఁ గాలివాన పాలెమును పెకలింపఁబూనిన సాయంకాలమున నామె యా తాళపుచెవితో నొక పని చేసెను. అది బయటఁబడెనని, ఆ విచారణ తన కొఱకే యని, నేఁటితో తాళపుచెవి తన చేయి దాఁటునని యామె నిశ్చయించుకొనెను.

భోజనములు ముగిసెను. పెద్దలు క్రొత్త చాపమీఁదికి వచ్చిరి. పాలెమున పనులు పంచుకొనుట కొక వింత యాచారము గలదు. అక్షరము వచ్చినవారు తక్కువయగుటచేత నిన్నయ్య యేర్పఱచిన పద్ధతి యది. సంవత్సరపు పనులకుఁ గావలసిన సాధనములను చాపపై వరుసగాఁ బెట్టుదురు; ఎవరు దేనిని ముట్టుదురో యా పని యేఁడాది వారిది. ముట్టినపిమ్మట వలదనరాదు. దీనిని పని ముట్టుట యందురు. నెలకొకమాఱు గురువు వచ్చు దినములలో నిది గుట్టుగా జరిగిపోయెడిది. నేఁడో, తన గురువు, తన సభ, తన విచారణ! గురువులు తప్పుల మాటయే యెత్తక చేయెత్తి పనులకు సెలవిచ్చినంతనే పందిరి తిరునాళ్లయ్యెను.

తేరు మోకుల కొఱకు పడుచువాండ్రు ఉరికి యొకరిమీఁదనొకరు పడి, లేచునప్పటికి పదిచేతులు మోకుపై నుండఁగా నందఱికిని దక్కినట్లే యని పెద్దలు తీర్పు చెప్పిరి. పండుగవంట గరిటెను తోడికోడండ్రిద్దఱేకకాలమున ముట్టిరి. వారిలోఁ బెద్దది పిడియు చిన్నది తలయు విడువకుండఁగా, మాంస మొకతె యన్న మొకతె వండవలెనని సంధి కుదిరెను. నిచ్చెనను జోజిరెడ్డి తమ్మునిచేత ముట్టించెను, చిన్నప్ప దగ్గెను. సమాధుల భూమిని శుభ్రపఱచు పారయొక్కటి మాత్ర మనాథయై పడియుండఁగా, చూపానని ముసలి యంతోని కఱ్ఱ పొడుచుకొనుచు వచ్చి దానిపైఁ జేయివైచెను.

“నీకెందుకు తాతా అంత కష్టం?” అనిరెవ్వరో.

“నేనెట్టాగూ అక్కడికే పోయేవాణ్ణి గదరా. ముందే పోయి చోటు చదును చేసుకుంటా.”

పందిరి నవ్వులతో నూఁగెను. ఆ నవ్వులింకను సద్దుమణఁగకముందే యందఱి చూపులును వరుస చివరకుఁ బోయెను. అచ్చట తాళపుచెవి యున్నది. దానిని తెల్లవాఱఁగానే యారోగ్యమ్మయే కొంగు విప్పి తెచ్చి పెట్టెను. ప్రతి సంవత్సరమును ఇన్నయ్య ముట్టుచుండెను, అతని తరువాత నామె ముట్టుచుండెను. నేఁడును ముట్టునని యందఱును ఎదురుచూచిరి. ఆమె పందిటి రాటను పట్టుకొని కదలక నిలిచియుండెను. క్షణమాగి జోజిరెడ్డి కండువ సవరించుకొని లేచెను. పాలెమునకుఁ దన గురువు వచ్చిన పిమ్మట గుడి తాళము పెద్దయింట నుండుట మర్యాద యని యతఁడు కొన్నినాళ్లుగా ననుచునే యుండెను. ఒంగి చేయి చాఁచెను.

“రెడ్డిగారూ, కొంచెం ఆగండి,” అనెను ఆరోగ్యమ్మ. “ముందు నా ఇచారణ కానీండి. అదయినాక ఎవరు ముట్టుకున్నా నేనేమీ అనను.”

“నీ విచారణేమిటమ్మా?” అని గురువు లాశ్చర్యపడిరి.

ఆమె రాటను విడిచి ముందునకు వచ్చి చేతులు జోడించెను. “గాలివాన రోజు గుడి తలుపు తీసి గొర్రెల్ని లోపలికి తోలించా సామీ. మందంతా. పీఠం మెట్ల దాకా నిండినయ్యి. రెండు గొర్రెలు అక్కడే ఈనినయ్యి గూడా. తెల్లారి రాళ్లన్నీ కడిగా. వాసన పోకపోతే గబ్బిలాలని అబద్ధమాడా.”

గొఱ్ఱెలెవరివని యొక పెద్ద యడిగెను. దారినిపోవునవని యామె యనెను. అంతలో పందిటి వెలుపలినుండి బొంగురు గొంతొకటి పలికెను. గొఱ్ఱెబొచ్చు నల్లకంబడి భుజమున వైచుకొని కాలి బురదతో నిలిచినవాఁడు పోలయ్య. మందను మేపుకొనుచు నూరూరు తిరుగు కాపరి. పాలెమున విచారణ యని పొలములలో విని, దిక్కులేని యా యిల్లాలు తన మూలముగా మాటపడునని గ్రహించి, మందను తోడివారి కప్పగించి పరుగునఁ జనుదెంచెను.

“అవి నాయి దొరా. ఆయమ్మ ఒద్దనే అన్నది. నేనే తలుపు నెట్టుకొని లోపలికొచ్చినా. తప్పంతా నాది.”

ఆరోగ్యమ్మ వెనుదిరిగి చూచెను. “తాళమేసిన తలుపు ఎట్టా నెడతావయ్యా? నేనే కేకేసి పిలిచా సామీ ఇతన్ని.”

“ఆ గాలిలో కేకేస్తే ఇనపడుద్దా తల్లీ? నువ్వు పిలవలా.”

“నువ్వు నెట్టలా.”

ఒకరి తప్పు నొకరు తమ మీఁద వైచుకొనుటకై యాడిన యా యబద్ధములను ఒకరి వొకరే పట్టియిచ్చుకొనఁగా, మొదట చిన్నప్పయు పిదప జనమంతయు నవ్వాపుకొనలేకపోయెను. నిజమునకు పిలిచినవారును లేరు, నెట్టినవారును లేరు. ఆమె యింటి చూరు క్రింద నిలిచి వానలో వడవడ వణఁకుచున్న మందను చూచెను, తలుపు తెఱచెను, మంద లోనికిఁ బోయెను. కాపరి మాత్రము గడప దాఁటక వాకిటనే కంబడి కప్పుకొని ముడుచుకొనెను.

గురువులు నవ్వలేదు. తాను చిన్నప్పతోఁ జెప్పినదేమి, చిన్నప్ప చాటినదేమి యని యడిగి తెలిసికొనిరి. పిమ్మట మెల్లఁగా నరుగువైపు, గుండిగవైపు, నిచ్చెనవైపుఁ జూచిరి. పూజలోఁ దాను పొగడిన కానుకల జన్మవృత్తాంతము తేటపడఁగానే యాయన చెవులెఱ్ఱనయ్యెను. జనమెల్ల మరల నేలవంకఁ జూచెను. అప్పుడాయన నవ్విరి, ఆ నవ్వు చూచి పాలెము ఊపిరి పీల్చుకొనెను.

“విచారణ అంటే మన సంఘానికి పేరమ్మా, అంతే,” అనిరాయన. “తప్పులెన్నటం కాదు. ఎవరెట్లా ఉన్నారో బాగోగులు విచారించటం. ఆ సాయంత్రం ఈ ఊళ్లో విచారణ చేసింది నువ్వొక్కదానివే. నేను కిటికీలు బిగించుకుని కూర్చున్నాను.”

ఆరోగ్యమ్మ కా మాట లర్థమగుటకుఁ గొంత తడవు పట్టెను. జోజిరెడ్డి యింకను వంగియే యుండెను. చాఁచిన చేయి తాళపుచెవికి జానెడు దూరమున నిలిచిపోయెను. అతఁడు నడుము నిలుపుకొని గొంతు సవరించుకొని, తన వంశమున నెవరును పదుగురిలోఁ బలుకనట్టి మాట పలికెను.

“ఆ రోజు ఈ తాళం మా ఇంట్లో ఉండుంటే, తలుపు బాదినా నేను లేచేవాణ్ణి కాదు. లేచినా, గొర్రెలేగదా అని మళ్లీ పడుకునేవాణ్ణి. నువ్వే ముట్టమ్మా.”

ఆమె ముట్టలేదు. తాళపుచెవివంకఁ జూచుచు, ఎవరితోఁ జెప్పవలెనో తెలియక యా తాళపుచెవితోనే చెప్పుచున్నట్లు మాటాడెను. “ఆ గాలిలో ముడి ఊడి రాలా. ఊడినాక తాళం తిరగలా, వానకు బిగిసిపోయి. నేను గింజుకుంటానే ఉన్నా, ఒక గొర్రెపిల్ల నా కాళ్లకాడే చచ్చిపోయింది. వానాకాలం తాళమెందుకు సామీ? తలుపు దగ్గరికేస్తే చాలదా?”

పోలయ్య కంబడి యంచుతో ముఖము తుడుచుకొనెను. సభవారు తలలు దగ్గఱఁ జేర్చిరి. గుడిలోని వస్తువులు పోవునేమో యని యొక పెద్ద సందేహించెను.

“పోవాల్సినయ్యన్నీ ఎప్పుడో పోయినయ్యి గదండీ,” అనెను చిన్నప్ప. “మళ్లీ తిరిగి గూడా వచ్చినయ్యి. ఇంక భయమేంది?”

అందఱికంటె ముందుగా జోజిరెడ్డి ఫక్కున నవ్వి సరేయనెను. వానకాలమంతయు, తుపానుల భయమింకను తీరని యీ నెలతోఁ గూడ, గుడికి తాళము వేయరాదనియు, తలుపు దగ్గఱకు వేసిన చాలుననియు, గాలివానలో వచ్చినవా రెవరైనను ఏవైనను లోనికి రావచ్చుననియు నల్లమడుగుపాలెపు విచారణసభ తన తొలి తీర్మానముఁ జేసెను. తీర్మానము సరే, ఆ పని యెవరు ముట్టవలె? ఏమి ముట్టవలె? చాపపై తలుపు లేదు గదా. జనము మరల నుత్కంఠతో నారోగ్యమ్మను జూచెను. ఆమె చాపను దాఁటి, పందిరి దాఁటి, ఎండలో మెఱయు మెట్లెక్కి, గుడి తలుపుమీఁద నఱచేయి యానించి నిలిచెను. పడుచువాండ్రు తేరు మోకులు గాలిలోని కెగురవైచిరి. గంటపని ముట్టినవాఁడు వేళగాని వేళ గంట మ్రోగించెను. ఎవరును వాని నాక్షేపింపలేదు.

ప్రొద్దుగ్రుంకువేళకు పందిరి పలుచనయ్యెను. తాళపుచెవి యెవరును ముట్టక చాపమీఁదనే మిగిలెను. తోడికోడండ్రు గుండిగను చెఱియొక చెవి పట్టుకొని మోసికొనిపోయిరి. పోలయ్య విస్తరిలోఁ జుట్టియిచ్చిన రొట్టెలతో మంద కడకు మరలెను. మనుష్యుఁడు తన యింటికిఁ దలుపు పెట్టుకొనుట తన్నుఁ గాచుకొనుటకు. పదుగురి యింటికిఁ దలుపు పెట్టుట మాత్రము తెఱచుటకే. ఆ సంగతి పాలెమునకు గ్రంథములు చెప్పలేదు, ఒక తడిసిన మంద చెప్పినది. ఆరోగ్యమ్మ పీఠము చెంత దీపము వెలిఁగించి, నాపరాళ్లపై నొకమాఱు చేయి రాచి చూచి, వెలికి వచ్చెను. పడమట నెఱ్ఱదనము చల్లాఱుచుండెను. ఆమె రెండు తలుపులను ఒకదాని కొకటి చేరునట్లు చప్పుడు గాకుండ దగ్గఱకు లాగి, కొంగుముడిని తడుముకొనక, ఇంటికి నడచెను.