పారబోసిన నురుగు

మా వదిన తవుడు, బంగాళాదుంప తొక్కలు పోగేస్తుంటే షెడ్డులో అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. అన్నయ్యా నేనూ లారీలు బాగుచేస్తాం. పాతికేళ్లుగా కారిన ఇంజన్ ఆయిల్ వెనక కాలువ రాళ్లకు పట్టి, వాన పడితే కింది కూరగాయల మడుల్లోకి దిగేది. కాలువ బాగుచేయకపోతే షెడ్డు మూసేయిస్తానని తనిఖీ అధికారి నెల గడువిచ్చాడు.

వదిన కాలేజీ ప్రయోగశాలలో పనిచేస్తుంది. తవుడూ తొక్కలూ ఉడికించిన నీళ్లలో ఒక రకం సూక్ష్మజీవుల్ని పెంచితే, అవి రాళ్లకు పట్టిన జిడ్డును ఊడదీసే సరుకు తయారుచేస్తాయట. నీలం డ్రమ్ము, చేపల తొట్టెకు పెట్టే గాలి పంపు, అంతే సరంజామా. ఇరవై రోజులు దాన్ని పసిపిల్లలా చూసుకుంది. ఆవిడ ఓపిక చూస్తే నాకు అసూయ. నట్టు బిగుసుకుంటే రెండో నిమిషంలోనే తిట్లు లంకించుకునే రకం నేను.

గడువు రోజు పొద్దున్నే వెళ్లేసరికి డ్రమ్ము పొంగి నేలంతా నురుగు. అధికారి వచ్చే రోజున ఈ రోతేమిటని ఒళ్లు మండింది. కాగే పాకం మీద తెట్టు తీసినట్టు నురుగంతా తోడి, రెండు బకెట్లు వెనక కాలువలో పారబోశాను. పైపు పెట్టి నేల కూడా కడిగేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

తొమ్మిదింటికి వదిన వచ్చి డ్రమ్ములోకి తొంగిచూసింది.

"నురుగేది?"

"మురికి కదా వదినా, తీసేశా."

"సరుకంతా నురుగులోకే చేరుతుందయ్యా!" అంటూ స్టూలు మీద కూలబడింది.

అన్నయ్య నన్ను నమిలి మింగేసేలా చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎక్కడ పోశావు?" అంది వదిన.

"వెనక కాలువలో."

ఆవిడ ఒక్క ఉదుటున లేచింది. అప్పుడే వచ్చిన అధికారి కూడా మా వెనకే నడిచాడు. ముందురోజు ఆవిడ అడ్డుకట్టగా పెట్టించిన గోనెసంచుల దగ్గర నల్లటి జిడ్డు తేలి ఆగింది. నేను పోసిన చోట రాళ్లు బయటపడ్డాయి. బూడిదరంగు రాళ్లు. పాతికేళ్లుగా అవి నల్లరాళ్లే అనుకున్నాను.

అధికారి వంగి వేలితో రుద్ది చూశాడు. "మిగతాదీ ఇలాగే చెయ్యండి. ఇంకో నెల ఇస్తున్నా" అన్నాడు.

వదిన నా చేతికి గరిటె ఇచ్చింది. "ఇక నురుగు తీసే పని నీదే. ఎక్కడ పోయాలో మాత్రం నన్నడుగు."

అన్నయ్య పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. స్టూలు లాక్కుని డ్రమ్ము పక్కన కూర్చున్నాను.