మోకాటి నార

తడి దుప్పట్ల బకెట్టును మెట్టు మెట్టు మీదా ఆనించుకుంటూ ఆమె మేడెక్కుతోంది. కుడి మోకాలు మాటిచ్చి తప్పే మనిషిలాంటిది. మూడు మెట్లు మోస్తుంది, నాలుగోదాని దగ్గర జారుకుంటుంది. ఏడాది కిందట ఇదే బకెట్టుతో, ఇవే మెట్ల మీద లోపల ఏదో పుటుక్కుమంది. కింద నుంచి అత్తగారు, దుప్పట్లు మట్టిలో పడలేదు కదా అని అడిగింది.

గుడ్డ బిగించి కట్టుకోమన్నాడు భర్త. కట్టుకుంది. మామగారి కంటి ఆపరేషన్ అని ఒకసారి, ఆడపడుచు పురుడని ఒకసారి ఆమె ఆపరేషన్ వెనక్కి పోయింది. ఇంట్లో ఎవరికేం కావాల్సివచ్చినా ముందుగా ఆమె సెలవులూ ఆమె నిద్రా గుర్తొచ్చేవి. ఇస్తావా అని ఎవరూ అడిగిన గుర్తు లేదు. చేతికందే కాయకి నిచ్చెనెవరు వేస్తారు?

చివరికి వచ్చే సోమవారం అన్నాడు డాక్టరు. మోకాట్లో ఎముకల్ని పట్టి ఉంచే నార తెగింది, దాని చోట కొత్తది వేయాలి. ఆమె తొడ వెనక నుంచే ఒకటి తీయవచ్చు, లేదా చనిపోయినవాళ్ళు దానమిచ్చింది తెప్పించవచ్చు. మీ వయసుకి రెండూ పనికొస్తాయి, ఆలోచించుకుని చెప్పమన్నాడు. ఆలోచించే పని భర్త పెట్టుకోలేదు.

"ఇంట్లో సరుకుండగా బజారుకెందుకండీ? ఆవిడదే తీసెయ్యండి."

డాక్టరు నవ్వాడు. ఆపరేషన్ సమ్మతి కాగితంలో 'సొంతది' అన్న గడి దగ్గర టిక్కు కూడా భర్తే పెట్టి, సంతకం చెయ్యమని ఆమె చేతికిచ్చాడు. ఇంటికొచ్చాక అత్తగారు తన వంతుగా అంది: "ఎవరో చచ్చినవాళ్ళ నరం ఒంట్లో పెట్టుకుని నా వంటింట్లో తిరుగుతావా?"

ఆమె ఉద్యోగమే ఆ నారలతో. కండని ఎముకకి కట్టి ఉంచే ఆ తెల్లటి నారలు ఎంత బరువుకి ఆగుతాయో చూసే గదిలో పదిహేనేళ్ళుగా పనిచేస్తోంది. సంతకం పెట్టని కాగితాన్ని సంచిలో వేసుకుని పనికి వెళ్ళింది.

ఆ రోజు వచ్చిన నార, చనిపోయాక దానమిచ్చిన యాభై ఎనిమిదేళ్ళ స్త్రీది. చీటీ మీద పేరుండదు. ఒక కాలిది ఇక్కడ తెంచి చూస్తారు, రెండో కాలిది ఎవరికో వేస్తారు. ఉప్పునీళ్ళలోంచి తీసి, రెండు కొసలూ యంత్రం దవడల మధ్య బిగించింది. ఎత్తుకోగానే గట్టిగా లాగకూడదు. పదిసార్లు మెల్లగా లాగి వదలాలి. మొదట్లో అది ఎలా సాగుతుందో నమ్మడానికి లేదు, పది లాగుళ్ళకి ఒక తీరుకొస్తుంది. అసలు లాగుడు అప్పుడు. తెర మీద గీత ఎక్కుతూ పోయింది. ఒక మనిషి బరువు దాటింది, ఇద్దరి బరువు దాటింది. అప్పుడుగానీ పాయలు పాయలుగా విడిపోలేదు.

"గట్టి మనిషే," అంది కొత్తగా చేరిన అమ్మాయి, తెరలోకి తొంగిచూస్తూ. తరవాత ఆమె మోకాలి వైపు చూసింది. "అక్కా, మీ తొడలోంచి తీస్తారు సరే, తీసిన చోట ఏం పెడతారు?"

"ఏం పెట్టరు."

"మరి దాని పని?"

"పక్కనున్నవి చేస్తాయి. కొన్నాళ్ళకి అలవాటైపోతాయి."

ఈ జవాబు ఎందరికో చెప్పింది. ఇవాళ మాత్రం నోటి నుంచి వెళ్ళాక ఆ మాట మళ్ళీ తన చెవికే వచ్చింది. దవడలు వదులుచేసి, రెండు ముక్కల్నీ పళ్ళెంలో పక్కపక్కన పడుకోబెట్టింది. చీటీ నింపబోతే అడుగున, ఇన్నేళ్ళూ చదవకుండా దాటేసిన గడి కనబడింది. సమ్మతి: స్వయంగా. ఆ యాభై ఎనిమిదేళ్ళావిడ ఏదో ఒక రోజు కూర్చుని, తీరుబడిగా సంతకం పెట్టింది.

సంచిలోంచి తన కాగితం తీసింది. భర్త పెట్టిన టిక్కుని అడ్డంగా కొట్టేసింది. రెండో గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, ఇంటికి వెళ్ళే దారిలోనే ఆసుపత్రిలో ఇచ్చేసింది.

ఇంట్లో రేపు ఉతకాల్సిన దుప్పట్లు బకెట్టులో నానుతున్నాయి. దాన్ని కింద మెట్టు దగ్గరే వదిలేసి, కుర్చీలో కూర్చుని కాలు పీట మీదకి చాపుకుంది. డాక్టరు అప్పుడే ఆమె భర్తకి ఫోను చేసినట్టున్నాడు. ఆయన వచ్చి, నన్నడక్కుండా మార్చేశావేం అన్నాడు. వెనకాలే అత్తగారు.

"ఇంతకీ ఎవరిదో ఏమిటో తెలుసా నీకు?"

"తెలీదత్తయ్యా. ఎవరిదైనా, వాళ్ళని అడిగే తీసుకుంటారు."