మిరప చేతులు

మిరప కోసిన చేతులకు పుల్లమజ్జిగ పట్టించి ఎంత రుద్దినా మంట పోదు. ఆ చేతులతో పాలపిల్లను ముట్టుకోకూడదని మా ఊళ్ళో కట్టడి. కోతలకు పోయే తల్లులంతా పిల్లల్ని అత్తల దగ్గర వదిలేస్తారు. ఏడుపు ఆగకపోతే ముసలమ్మలు తమ వట్టి రొమ్మే నోటికిచ్చి జోకొడతారు. మా చెంచమ్మత్త కూడా అదే చేసింది. అందులో వింతేముందని నేనూ ఊరుకున్నాను.

ఒకరోజు చేలోంచి వచ్చేసరికి అత్త పైట తడిసి ఉంది. పిల్ల పెదవి మీద తెల్లగా ఒక చుక్క. "చొంగలేవే," అంది అత్త. అప్పట్నుంచి పిల్ల నా రొమ్ము దగ్గర మొహం తిప్పేసుకునేది. నాకు పాలు గడ్డకట్టి, జ్వరమొచ్చి, చివరికి ఎండిపోయాయి. అత్తేమో యాభై దాటిన మనిషి, బాలింతలా వేడన్నంలో వెల్లుల్లి కారం కలుపుకుని తినడం మొదలుపెట్టింది. బుగ్గలు నిగారించాయి. మా ఆయన పానకాలుతో చెబితే, "మా అమ్మ ఉండబట్టే నువ్వు కూలికి పోగలుగుతున్నావు. ఆవిణ్ణి చూసి కుళ్ళుకుంటావా," అన్నాడు.

కిందటి కాన్పులో నెత్తురు ఆగక చచ్చి బతికాను. మళ్ళీ కడుపొస్తే నీ ప్రాణానికి నేను పూచీ కాదని గుంటూరు డాక్టరమ్మ చెప్పింది. అందుకే బ్లాకాఫీసు జయకుమారి ఊళ్ళో మీటింగు పెట్టి, పిల్లలకు గేదెపాలు మానండి, పిల్ల రొమ్ము తాగినంతకాలం కడుపు రాదు అంటే గట్టిగా నమ్మాను. ఇప్పుడు నెల తప్పింది. ఆ మాట విన్న అత్త నా పొట్ట వంక చూసి నవ్వింది.

"భయమెందుకే, నువ్వు కని పడెయ్. నా దగ్గర పాలున్నాయిగా."

సాగరు కాలువ తవ్వించేవాళ్ళవి తప్ప జీపులు రాని మా ఊరికి నిన్న జయకుమారి జీపులో వచ్చింది, తను చెప్పిన పద్ధతి ఎవరెవరికి పనిచేసిందో ఇంటింటా చూడటానికి.

నెల తప్పిందని చెప్పాను. "పాప తల్లిపాలేనా తాగేది?" అంది.

"పగలూ రాత్రీ రొమ్ము వదలదమ్మా," అంది అత్త.

"అయినా నిలిచిందా? నాంచారమ్మా, నువ్వే ఎక్కడో అశ్రద్ధ చేసి ఉంటావు."

"దీనికి దేంట్లో శ్రద్ధ ఉంది గనక," అన్నాడు పానకాలు గుమ్మంలోంచి.

ఏడుస్తున్న పిల్లను తీసుకెళ్ళి అత్త ఒళ్ళో పడుకోబెట్టాను. పరాయి మనిషి ముందు అత్త పైట బిగించుకుంది. కానీ పాలు ఆగలేదు, పైట మీద మరక పెద్దదవుతూ వచ్చింది. పిల్ల తనే వెతుక్కుని నోట్లో పెట్టుకుంది. గుటకల చప్పుడు అందరికీ వినిపించింది. జయకుమారి రాయడం ఆపేసింది.

"రాసుకోండమ్మా," అన్నాను. "పాలిచ్చేది ఆవిడ. చావబోయేది నేను. నన్ను ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి."

పానకాలు జయకుమారిని చూసి గుమ్మంలోంచి పక్కకు తప్పుకున్నాడు. పిల్లను తీసుకోబోతే అత్త వదల్లేదు.

"తీయించేసుకుంటావా," అంది గొంతు తగ్గించి. "ఇది పాలు మానేశాక నా పాలేం కావాలే?"

ఆవిడ చేతులు విడదీసి పిల్లను చంకనేసుకున్నాను. జయకుమారి జీపులో చాలా దూరం అది ఏడుస్తూనే ఉంది. నా ఎండిన రొమ్మే మళ్ళీ మళ్ళీ నోటికిచ్చాను. గుంటూరు దగ్గరపడ్డాక, విసుక్కుంటూనే చప్పరించడం మొదలుపెట్టింది. చప్పరించగా చప్పరించగా ఆవిడకు వచ్చిన పాలు నాకు రాకపోతాయా.