కెమెరా వైపు చెంప

ముందే చెప్పేస్తున్నాను, నా రాతలో ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. క్షమించండి. నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, మా చర్చిలో ఆడవాళ్లకి సాయంత్రం బడి పెట్టినప్పుడు. ఒక్క పేజీ రాయడానికి నాకు అన్నం వండి వార్చేంత సేపు పడుతుంది. చదివేవాళ్లు కూడా కాస్త ఓపిక పట్టాలి.

ఇది ఆశిష్ అనే సినిమావాడి కథ. కలకత్తా గోడల మీద ఇప్పుడు మళ్లీ వాడి మొహమే. గడ్డంతో, దిగులుగా, ఎవరో తనకే అన్యాయం చేసినట్టు చూస్తుంటాడు.

వాడి అసలు పేరు జాబేజ్. కలకత్తా రేవు పక్కన గార్డెన్ రీచ్‌లో, మా తెలుగు కూలీల ఇళ్ల లైనులోనే పుట్టాడు. వాళ్ల నాన్నా మా ఆయనా రేవులో ఒకే క్రేను కింద పనిచేశారు. వాళ్లమ్మ పుష్పరాణి నాకు అక్కలాంటిది. మా చర్చిలో క్రిస్మస్ నాటకం వేసినప్పుడల్లా వాడికి రాజు వేషమే కావాలి. ఒక ఏడు గొర్రెల కాపరి వేషం ఇస్తే చేతిలో కర్రతో మిగతా కాపరులందరినీ వెనక్కి నెట్టి తనే ముందు నిలబడ్డాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

పెద్దయ్యాక టాలీగంజ్ స్టూడియోల చుట్టూ తిరిగి చిన్నచిన్న వేషాలు సంపాదించాడు. బెంగాలీ వాళ్ల కంటే బాగా బెంగాలీ మాట్లాడేవాడు. పేరు మార్చుకున్నాడు. పేరు మార్చుకుంటే మార్చుకున్నాడు, తల్లిదండ్రుల్ని కూడా మార్చేశాడు. తనది బర్ధమాన్ వైపు పాత కుటుంబమనీ, తాతగారు సితార్ వాయించేవారనీ టీవీలో చెప్పాడు. ఆ సాయంత్రం పుష్పరాణి మా ఇంట్లోనే ఎండుచేపలు వేయిస్తూ ఆ టీవీ చూస్తోంది.

"ఓలమ్మా, మనకి బర్ధమాన్‌లో ఎవులున్నారే?" అని నన్ను అడిగింది. పాపం, నిజంగానే అడిగింది.

"నీ మావగారు ఎప్పుడు సితార్ వాయించినారో నువ్వే సెప్పాల," అన్నాను.

"ఆయనా? బస్తాలు మోసినాడు," అంది. చేపలు మాడిపోయాయి. ఇద్దరం పడీపడీ నవ్వాం. తరవాత ఆవిడ లేచి టీవీ కట్టేసింది. ఆ మరుసటి ఏడే పోయింది. కొడుకు సమాధుల తోటకి నల్లకళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. ప్రార్థన అయ్యేలోపే వెళ్లిపోయాడు.

వాడే కథ రాసి, వాడే నడిపించి, వాడే నటించే సినిమా మొదలుపెట్టాక ఒకరోజు మా ఇంటికొచ్చాడు. నా కూతురు కారుణ్యకి అప్పటికి కాలేజీ అయిపోయింది. చర్చి పాటల జట్టులో అందరికంటే ముందు దాని గొంతే లేచేది.

"అత్తా, కారుణ్యని ఒక్క సీనుకి పంపు," అన్నాడు. "పనిపిల్ల వేషం. నాకు నిజమైన మొహం కావాలి."

నిజమైన మొహం అంటే ఏమిటో నాకు తెలియలేదు. అది సరదాపడింది, పంపాను.

ఆ సీన్లో యజమాని పనిపిల్లని కొట్టాలి. యజమాని వేషం వాడిదే. ఉత్తుత్తిగా కొడితే ఏడుపు నిజంగా రావడం లేదన్నాడట. నిజంగా కొట్టాడు. అదీ చాలలేదు. మళ్లీ కొట్టాడు. లైటు సరిగా పడలేదని మళ్లీ కొట్టాడు. చుట్టూ అంతమంది ఉన్నారు. ఆశిష్‌దా, అంటే ఆశిష్ అన్న, పనిచేస్తే తపస్సే అనుకుంటూ అందరూ చూస్తూ నిలబడ్డారు. కారుణ్య ఇంటికి వచ్చి, "అమ్మా, ఎడం చెవిలో రైలు కూత ఆగట్లేదే," అంది. ఆ కూత ఆగేసరికి ఆ చెవిలో ఇంకేమీ మిగల్లేదు. లోపల నరం దెబ్బతిందన్నారు డాక్టర్లు. పాటల జట్టులో తన గొంతు తనకే సరిగా వినబడక, శ్రుతి తప్పి, అది మానేసింది.

వాడు ఒక పెట్టె సందేశ్ మిఠాయి పంపాడు. వీధి కుక్కకి వేశాను. కుక్క తింది, దానికి తెలియదు కదా.

ఆ సీనుకే వాడికి పెద్ద బహుమతి వచ్చింది. పనిపిల్ల కన్నీళ్లు ఎంత నిజంగా ఉన్నాయో అని పేపర్లన్నీ రాశాయట. బహుమతి పట్టుకుని, నటుల లోపలి బాధని బయటికి తీయడం దర్శకుడి సాధన అన్నాడు. వాడు బయటికి తీసింది వినికిడి. ఆ మాట మాత్రం ఎవరూ రాయలేదు.

నేను అప్పటినుంచి ప్రభువు బల్ల తీసుకోవడం మానేశాను. మా చర్చి సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ముందు పాస్టరు అయ్యగారు అడుగుతారు, ఎవరికైనా ఎవరి మీదైనా మనసులో ఏమైనా ఉంటే ఇప్పుడే లేచి చెయ్యి కలుపుకోమని. జనం బెంచీలు దాటుకుంటూ వెళ్లి చేతులు కలుపుకుంటారు. కుళాయి దగ్గర జుట్లు పట్టుకున్న ఆడవాళ్లు కూడా అక్కడ కలిసిపోతారు. కలపలేని వాళ్లు పళ్లెం ముందుకొచ్చినప్పుడు తల అడ్డంగా ఊపి పక్కవాళ్లకి అందిస్తారు. నేను అందిస్తూ వచ్చాను. కారుణ్య తీసుకునేది. దాని మనసు దానిది. నా లోపల వాడున్నాడు, ఉన్నాడని తెలిసి అబద్ధంగా చెయ్యి చాపలేను. కానీ ఆ రొట్టె కోసం నా ప్రాణం ఎంత కొట్టుకునేదో నాకే తెలుసు. మా ఆయన ఆఖరి రోజుల్లో మంచం మీద తీసుకున్నాడు. నేనూ పోయేలోపు ఒక్కసారి తీసుకోవాలని ఉండేది.

కొన్నేళ్లకి వాడు కూలిపోయాడు. అరుంధతి అనే పేరుమోసిన నటి, సెట్లో వాడు తనని కొట్టాడని అందరి ముందూ చెప్పింది. ఆమె చెప్పాక మేకప్ అమ్మాయి చెప్పింది, ఇంకొకరు చెప్పారు. కారుణ్య కూడా చెప్పింది. అప్పటిదాకా తపస్సు అన్నవాళ్లే రాక్షసుడు అన్నారు. పోస్టర్ల మీద పేడ కొట్టారు. చేతిలో ఉన్న సినిమాలు పోయాయి. ఒక ఇంటర్వ్యూలో ఏడ్చాడు. ఎవరూ కొట్టకుండానే వాడికి ఏడుపు ఎంత బాగా వచ్చిందో! తరవాత కాలింపాంగ్ కొండల్లో ధ్యానం చేస్తున్నాడని విన్నాం. గడ్డం పెరిగితే మనసు మారినట్టేనని సినిమావాళ్ల నమ్మకం.

నిరుడు వానాకాలంలో మా పాస్టరుగారు దయానందం అయ్యగారు గొడుగు మడుచుకుంటూ మా ఇంటికొచ్చారు.

"అచ్చమ్మా, జాబేజ్ తిరిగొచ్చాడు. చర్చిలో అందరి ముందూ లేచి, తను మారానని సాక్ష్యం చెబుతానంటున్నాడు. కారుణ్య చెయ్యి పట్టుకుని క్షమించమని అడుగుతాడట."

"ఎవులకి సెప్తాడండి సాక్ష్యం? మనకా, కెమెరాకా?" అన్నాను.

అయ్యగారు నేల చూశారు. కెమెరాలు కూడా వస్తాయి. కొత్త సినిమా దుర్గా పూజలకి విడుదల. ఆడవాళ్లు హాళ్ల ముందు గొడవ చేస్తారని డబ్బు పెట్టినవాళ్లు భయపడుతున్నారు. కారుణ్య క్షమించినట్టు వీడియో ఒకటి ఉంటే భయం పోతుంది. ఇదంతా అయ్యగారు చెప్పలేదు, కారుణ్యే నాకు చెప్పింది. అయ్యగారు మంచివారు. మంచివాళ్లకి ఏడ్చేవాడిని చూస్తే ఆగదు.

"నానొల్లను," అన్నాను. "అది రాదు."

"వస్తాను అయ్యగారూ," అంది కారుణ్య. ఆయన వెళ్లాక నా పక్కన కూర్చుంది. "వాడి కోసం కాదే. వాడొచ్చి నిజంగా అడిగితే నీ బల్ల నీకొస్తాది కదా. ఎన్నాళ్లిలా పళ్లెం పక్కకి నెడతావు?"

నేను లేచి ఆదివారం చీర బయటికి తీశాను.

ఆ మొదటి ఆదివారం చర్చి నిండిపోయింది. ఎన్నడూ రానివాళ్లు కూడా పౌడరు రాసుకుని వచ్చారు. సినిమావాళ్లు పొద్దున్నే వచ్చి లైట్లు కట్టారు. పాత ఫ్యాన్లు చప్పుడు చేస్తున్నాయని ఆపించారు. చెమటలు కారుతూ కూర్చున్నాం. వాడు బెంగాలీ వాళ్లు పంజాబీ అనే తెల్ల లాల్చీ తొడుక్కుని వచ్చాడు. సాక్ష్యం సగం తెలుగు, సగం బెంగాలీ. చీకటి అన్నాడు, లోయ అన్నాడు, తనలోని గాయపడ్డ పిల్లవాడు అన్నాడు. చెయ్యి ఎత్తాను, కొట్టాను అనే మాట మాత్రం ఎక్కడా రాలేదు. సితార్ తాత కూడా రాలేదు, మా పుష్పరాణి కూడా రాలేదు. మా జనం స్తోత్రం, స్తోత్రం అన్నారు.

అయ్యగారు చేతులు కలుపుకోమన్నారు. వాడు దిగి కారుణ్య దగ్గరికి వచ్చాడు. కెమెరా దానికి ఎడమ వైపు పెట్టి ఉంది, కిటికీ వెలుగు ఆ వైపే బాగా పడుతోందట. వాడు ఆ వైపే నిలబడి, దాని రెండు చేతులూ పట్టుకుని, వంగి, ఎడమ చెవిలో ఏదో గుసగుసలాడాడు. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు.

కారుణ్యకి అలవాటు, ఎవరు మాట్లాడినా కుడి చెవి అటు తిప్పుతుంది. తల తిప్పబోయింది. వాడు దాని చెంప మీద చెయ్యి పెట్టి, మొహాన్ని మళ్లీ కెమెరా వైపుకి తిప్పాడు. అదే చెయ్యి. అదే చెంప. నేను చూశాను.

"ఏటి?" అంది కారుణ్య. "ఇనబళ్లేదు. ఈ పక్కకొచ్చి సెప్పు, జాబేజూ."

ఆ పేరు విని వాడు ఉలిక్కిపడ్డాడు. వెంటనే చిరునవ్వు నవ్వాడు. "తరవాత, తరవాత. ఇప్పుడు చాలా బాగా వచ్చింది," అని కెమెరా వాళ్లకేసి చూశాడు. జనం స్తోత్రం అన్నారు. వాళ్ల లెక్కలో అందరి ముందూ చెయ్యి కలిస్తే రాజీ అయిపోయినట్టే. ఏం చెప్పాడని ఎవరు అడుగుతారు?

పళ్లెం బయలుదేరింది. అయ్యగారే స్వయంగా వాడి ముందుకు తెచ్చారు. కెమెరా కూడా వెనకే వచ్చింది. వాడు కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు.

కారుణ్య లేచి నిలబడింది. "అయ్యగారూ, ఈయన ఏటి సెప్పినారో నాకు ఇనబళ్లేదు. ఈ పక్కకొచ్చి సెప్పమన్నాను, తరవాత అన్నారు."

అయ్యగారి చేతిలో పళ్లెం ఆగింది. "జాబేజ్, నువ్వు ఈ పిల్లని ఏ వైపు కొట్టావు బాబూ?" అని నెమ్మదిగానే అడిగారు.

ఫ్యాన్లు కూడా ఆపేశారేమో, ఆ ప్రశ్న వెనక బెంచీ దాకా వినబడింది. కుడిచేతి వాటం ఉన్నవాడికి ఎదుటివాళ్ల ఎడమ చెంపే దొరుకుతుంది. తన చెయ్యి తను చూసుకుంటే తెలిసిపోతుంది. వాడు చూసుకోలేదు. తన మనుషులకేసి చూశాడు, మరిచిపోయిన డైలాగు ఎవరైనా అందిస్తారేమోనని.

"అదంతా ఇప్పుడెందుకు అయ్యగారూ? మనసు ముఖ్యం కదా," అన్నాడు.

అయ్యగారు పళ్లెం వెనక్కి తీసుకుని పక్కవాళ్లకి ఇచ్చారు. వాడి చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. ఏ వేషంలోనూ నేను వాడిని అంత నిజంగా చూడలేదు. పళ్లెం నా దగ్గరికి వచ్చింది. ఎప్పటిలాగే తల అడ్డంగా ఊపాను.

ఇంత జరిగాక వాడి పని అయిపోయిందనుకుంటున్నారా? వీడియో వచ్చింది. అందులో పళ్లెం లేదు, అయ్యగారి ప్రశ్న లేదు. కిటికీ వెలుగు, వయొలిన్, వాడి కన్నీళ్లు ఉన్నాయి. వినబడక తెల్లబోయిన నా బిడ్డ మొహం ఉంది. ఆ అమ్మాయి క్షమలో కరిగిపోయింది అని కింద వేలమంది రాశారు. జరిగింది ఇదీ అని కారుణ్య కూడా రాసింది. పొగిడే వాళ్ల కింద అది ఎక్కడికో జారిపోయింది. పూజలకి సినిమా వచ్చింది. హాళ్లు నిండాయి. పేడ కొట్టినవాళ్లే దండలు వేశారు. వాడికి రెండోసారి కూడా నా బిడ్డ మొహమే అన్నం పెట్టింది.

మరుసటి నెల మొదటి ఆదివారం అయ్యగారు బల్ల దగ్గర నిలబడి, ఎప్పుడూ అడిగే మాట అడగబోయి ఆగారు.

"ఒక మాట," అన్నారు. "అవతలివాడు అడగని క్షమ ఇవ్వలేదని ఇకమీదట ఈ బల్ల దగ్గర ఎవరూ ఆగనవసరం లేదు. ఇన్నాళ్లూ ఆగనిచ్చింది నేనే."

పళ్లెం తనే తెచ్చి నా ముందు నిలబడ్డారు.

"అయ్యగారండి," అన్నాను, "ఆడి మీద నాకున్నది కోపం కూడా కాదండి. అసహ్యం. అది పోలేదు."

"నేను దాని గురించి అడగలేదు అచ్చమ్మా," అన్నారాయన.

కారుణ్య మోచేత్తో పొడిచింది. "తీసుకోయే. వెనకోళ్లు సూస్తన్నారు."

తీసుకున్నాను. గిన్నె ఎత్తేటప్పుడు రసం కాస్త చీర మీద ఒలికింది. ఆ మరక ఇప్పటికీ పోలేదు. బయటికి వస్తే చర్చి ఎదురుగోడ మీద వాడి కొత్త పోస్టరు, ఇంకా జిగురు ఆరలేదు. కారుణ్య దాని పక్క నుంచి నడిచి, నా ఎడమ వైపుకి వచ్చింది, నా మాటలు వినబడాలని.  మధ్యాహ్నం కూర ఏం వండాలో మాట్లాడుకున్నాం.

ఇట్లు,
అచ్చమ్మ, వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది కూతురి దగ్గర, భవానీపూర్, కలకత్తా. ఆదివారం మాత్రం బస్సెక్కి గార్డెన్ రీచ్‌కే వెళతాను.