మోగకూడని రోజుల్లో మోగిన గంట

నేను ఒక కంచు గంటను. ఇంగ్లండు తూర్పు తీరాన, రెల్లు పెరిగే బురదనేలల అంచున హాలోమీర్ అనే పల్లె ఉంది. ఆ ఊరి చర్చి గోపురంలో ఉంటాను. పుట్టింది మాత్రం అక్కడికి కోసెడు దూరంలోని మఠంలో. సన్యాసులు గొయ్యి తవ్వి, రాగీ తగరమూ కరిగించి మట్టి అచ్చులో నన్ను పోశారు. కొన్నేళ్ళకే, దేశంలోని మఠాలన్నీ మూసెయ్యమన్న రాజుగారి మనుషులు వచ్చి మఠం కప్పు ఊడదీశారు. నన్ను లాక్కుపోవడానికి ఎద్దులు దొరక్క అక్కడే వదిలేస్తే, ఊరివాళ్ళు తెచ్చి ఈ గోపురంలో వేలాడదీశారు. ఇప్పుడు మఠమంటే మూడు మొండిగోడలు.

చర్చికి ఎదురుగా ‘తెల్లహంస’ అనే పబ్ ఉంది. గంట కొట్టేవాళ్ళు నన్ను మోగించి, ప్రార్థనకు ఆగకుండా నేరుగా అక్కడికి వెళ్ళేవారు. అందుకే పాస్టరు ఆంబ్రోస్ పెల్ గారికి ఆ పబ్ అంటే గిట్టదు. పేరెత్తకుండా ఆదివారం ప్రసంగాల్లో దాన్ని దులిపేసేవారు. దాన్ని నడిపే వినిఫ్రెడ్ టక్ మొదటి వరసలోనే కూర్చుని, తల దించకుండా వినేది.

ఇంతలో జర్మనీతో యుద్ధం వచ్చింది. శత్రు సైనికులు మన నేల మీద దిగితే తప్ప చర్చి గంటలు మోగకూడదని ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. పాస్టరు గారు గోపురం తలుపుకు తాళం వేసి, తాళంచెవి కోటు జేబులో పడేసుకున్నారు. నెలల తరబడి నాకు పావురాలే గతి అయ్యాయి.

ఆ నవంబరులో ఒక మధ్యాహ్నం ఆయన బురదనేల అవతల మంచాన పడ్డ లాకు కాపరి భార్య కోసం ప్రార్థన చెయ్యడానికి వెళ్ళారు. తిరిగి వచ్చే వేళకి పొగమంచు కమ్మేసింది. పైగా సముద్రం పోటు మీద ఉంది. ఉత్తరాలు పంచే మేబెల్ సైకిలు దిగి ఆయాసపడుతూ వినిఫ్రెడ్ తో చెప్పింది.

“పాస్టరు గారు అక్కడ బయల్దేరి గంటన్నర దాటిందట. దారిలో నాకెక్కడా కనబడలేదు.”

“కేకలు వేస్తే అంత దూరం వినబడవు. గంట కొట్టాల్సిందే.”

“జైల్లో పెడతారు వినీ!”

“పెడితే నువ్వే కూడు తెచ్చి పెడుదువుగాని. ముందా గొడ్డలి ఇలా ఇయ్యి.”

నాలుగు దెబ్బలకు తలుపు విరిగింది. ఎన్నడూ గంట కొట్టని మనిషి, తాడు పట్టుకుని వేలాడింది. ఇన్నాళ్ళ మౌనం వల్ల మొదట నా గొంతు బొంగురుపోయింది. తర్వాత ఊరంతా అదిరేలా మోగాను.

ఊళ్ళో గగ్గోలు పుట్టింది. ముసలివాళ్ళు తుపాకులూ గడ్డపారలూ పట్టుకుని పరుగెత్తారు. ఒకావిడ కోళ్ళన్నిటినీ వంటింట్లోకి తోలి గడియ పెట్టుకుంది. కానిస్టేబుల్ స్పర్లింగ్ గోపురంలోకి దూసుకొచ్చాడు.

“ఎంతమంది దిగారు? ఎక్కడ?”

“ఒక్కడే. ఇంకా రాలేదు,” అంది వినిఫ్రెడ్, తాడు వదలకుండా.

ఆమె సంగతి చెప్పింది. ఆమె అరచేతుల్లో బొబ్బలు చిట్లి, తాడు ఎర్రబడింది. అతను టోపీ తీసి పక్కన పెట్టి, తనూ తాడు అందుకున్నాడు.

సాయంత్రం కాబోతుండగా పొగమంచులోంచి ఒక మనిషి బయటపడ్డాడు. నడుం దాకా బురద, ఒక కాలికి బూటు లేదు. మేబెల్ గొల్లున ఏడ్చేసింది. పాస్టరు గారు చర్చి గోడకు చేరగిలబడి ఊపిరి తీసుకున్నారు.

“చుట్టూ నీళ్ళే. ఒడ్డుకే వస్తున్నాననుకున్నాను. గంట నా వీపు వెనకనుంచి వినబడింది. అంటే సముద్రంలోకి నడుస్తున్నానన్నమాట,” అన్నారు. తర్వాత కానిస్టేబుల్ వైపు తిరిగారు. “కేసు రాస్తే నా పేరు కూడా రాయి నాయనా. తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళింది నేనే.”

“ఏం కేసండీ? గాలికి మోగి ఉంటుంది,” అన్నాడు స్పర్లింగ్. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు.

“చలికి చచ్చిపోతారు, రండి,” అంటూ వినిఫ్రెడ్ ఆయన్ని రోడ్డు దాటించింది. ‘తెల్లహంస’లో నిప్పు పక్కన కూర్చుని, ఆమె ఇచ్చిన వేడి బీరు ఆయన రెండు గ్లాసులు తాగారని మర్నాటికి ఊరంతా తెలిసింది. అప్పటినుంచి ప్రసంగాల్లో తిట్లన్నీ తాగుడు దుకాణాల మీదనుంచి బద్ధకం మీదికి మళ్ళాయి.

నాలుగు వందల ఏళ్ళుగా నేను జనాన్ని పిలుస్తూనే ఉన్నాను. వచ్చినవాళ్ళు నా పిలుపు విని వచ్చారో, అలవాటుకొద్దీ వచ్చారో నాకెప్పుడూ తెలియలేదు. ఆ ఒక్కరోజు మాత్రం తెలిసింది.