పాదం లేని కొలత

టైలరు గారి టేపు అబద్ధం చెప్పదని ఆ వీధంతా నమ్ముతుంది. అందరికంటే గట్టిగా ఆయనే నమ్ముతారు. ఆ నమ్మకం కాస్తా ఆయన భార్య మోకాళ్ళ మీదికొచ్చింది.

యాభై నిండాక ఆవిడకి కొండదారుల్లో తొక్కే సైకిలు మీద మనసైంది. లావు టైర్లదీ, బోలెడన్ని గేర్లదీ చూసి మరీ కొనుక్కుంది. సీటు ఎంత ఎత్తుండాలో టైలరు గారే స్వయంగా ఆవిడ కాలు కొలిచి, లెక్కకట్టి, బోల్టు బిగించారు. "కొలత నాది. ఇక తిరుగులేదు," అన్నారు. తిరుగు లేకేం! ఊరి చివరి కొండకి మూడు ఆదివారాలు వెళ్ళింది, మూడుసార్లూ సగంలో దిగి సైకిలు తోసుకుంటూ వచ్చింది. మోకాలి చిప్పల దగ్గర ఒకటే పోటు.

"వయసైపోయిందక్కా, ఒప్పుకోరాదూ! సైకిలు నాకిచ్చెయ్," అంది చెల్లెలు.

నవ్వుతూనే అంది గానీ ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఈ ఆదివారం కూడా మధ్యలో దిగితే ఇచ్చేస్తానని ఉక్రోషంలో మాటిచ్చేసింది. ఇచ్చాక ఏడుపొచ్చింది. ఇంటి కోసమో పిల్లల కోసమో కాకుండా తన కోసమని కొనుక్కున్న వస్తువు అదొక్కటే మరి.

శనివారం పొద్దున టీ గ్లాసు పట్టుకుని దుకాణంలోకి వెళ్ళింది. ఆయన ఒక పొడుగాటి మనిషికి ప్యాంటు కొలత తీస్తున్నారు. టేపు తొడ లోపలి నుంచి కిందికి జారి, చీలమండ దగ్గర ఆగింది. ఆవిడ కూడా గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవండీ, నాకూ ఇక్కడిదాకానేనా కొలిచింది?"

"మరి? ప్యాంటు అక్కడిదాకానే కదా వచ్చేది."

"నా ఖర్మ! నేను తొక్కేది ప్యాంటునా, సైకిలునా? పెడలు మీద పెట్టేది చీలమండనా, పాదాన్నా?"

పొడుగాయన గోడవైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. టైలరు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ముప్పై ఏళ్ళుగా నూలువాసి తేడా రానివ్వని మనిషి, కట్టుకున్న భార్య కాలిని పాదం లేకుండా కొలిచేశారు!

ఇద్దరూ వెనక వసారాలో పనిలో పడ్డారు. ఆవిడ చెప్పులు విడిచి గోడకానుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక అట్టపుస్తకం ఇరికించుకుని దాని పై అంచు నుంచి నేలదాకా కొలిపించుకుంది. ఏడు సెంటీమీటర్లు ఎక్కువొచ్చింది. ఆ లెక్కన సీటు పైకి లేపారు. ఎక్కి కూర్చుని, కిందికొచ్చిన పెడలు మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా సాగింది. పాదం ముందుభాగం ఆనిస్తే మోకాలు కాస్త వంగింది. సరిపోయింది. కొండెక్కేటప్పుడు వెనక్కి జారకుండా సీటుని వేలి వెడల్పంత ముందుకి జరిపి, దాని ముక్కుని రవ్వంత కిందికి వంచారు.

"నేలకి మునివేళ్ళే అందుతున్నాయండీ. పడిపోతానేమో!"

"తొక్కడం మొదలుపెడితే నేలతో పనేముంది? పద, నేను పట్టుకున్నాను," అన్నారాయన.

ఆదివారం ఆయన స్కూటరు మీద ముందే కొండమీదికి వెళ్ళి కూర్చున్నారు. ఆవిడ చిన్న గేరులో నింపాదిగా తొక్కుతూ వచ్చింది. ఎప్పుడూ దిగే మలుపు వచ్చింది. గుండె దడదడలాడింది. మోకాళ్ళు మాత్రం కిక్కురుమనలేదు. భారమంతా తొడలు మోస్తున్నాయి. మలుపు వెనకబడిపోయింది. "అమ్మో, ఎక్కేస్తున్నానే!" అని పైకే అనేసింది. ఆ తర్వాత దారంతా ఆయాసపడుతూనే నవ్వుతూ వచ్చింది.

ఆవిడ కొండమీదికి చేరగానే ఆయన పరుగున వచ్చి హ్యాండిలు పట్టుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"తప్పు నాదే. మూడు వారాలు ఉత్తపుణ్యానికి నీ కాళ్ళని తిట్టించాను," అన్నారు.

పెళ్ళయ్యాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆవిడ సంతోషంగా సీసాడు నీళ్ళు గటగటా తాగేసింది.

"ఇక ఇంటికి పోదామా?"

"మీరు పదండి. నేను కిందిదాకా వెళ్ళి ఇంకోసారి ఎక్కొస్తా," అంటూ ఆవిడ సైకిలు తిప్పేసింది.